కొవ్వులోని రసాయనాలను లెక్కగట్టే రక్తపరీక్ష: డబ్బు కట్టే ముందు చూడాల్సినవి

పాత పురుగుమందులు, పీసీబీలు (ఒకప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ నూనెల్లో వాడిన రసాయనాలు), ద్రావకాలు ఒంట్లో ఎంత పేరుకున్నాయో చెబుతామంటూ చాలా ల్యాబులు రక్తపరీక్ష ప్యాకేజీలు అమ్ముతున్నాయి. మా తీర్పు ముందే చెప్పేస్తాం. పరీక్ష మంచిదే. రిపోర్టు రాసే తీరు చాలాచోట్ల బాగోలేదు. దానికి జోడించి అంటగట్టే డీటాక్స్ కోర్సు మాత్రం అస్సలు వద్దు.

కొవ్వు సంగతి తేల్చడానికి రక్తం ఎందుకని అడిగేవాళ్లుంటారు. ఈ రసాయనాలు నీళ్లలో కరగవు, కొవ్వులో కరుగుతాయి. రక్తంలో తిరిగే కొవ్వుకీ, చర్మం కింద నిలవున్న కొవ్వుకీ మధ్య అవి అటూ ఇటూ మారుతూనే ఉంటాయి. అందుకే డీడీఈ (అంటే డీడీటీ ఒంట్లో విరిగాక మిగిలేది), పీసీబీల విషయంలో గ్రాము కొవ్వుకి లెక్కగడితే రెండుచోట్లా దాదాపు ఒకే అంకె వస్తుంది. అమెరికా పర్యావరణ సంస్థ ఒకప్పుడు నేరుగా కొవ్వు ముక్కలే సేకరించింది. 1982 నమూనాల్లో స్టైరీన్, జైలీన్ (ప్లాస్టిక్, పెయింట్ల తయారీలో వాడే ద్రవాలు) లాంటివి పరీక్షించిన ప్రతి మిశ్రమంలోనూ, అంటే చాలామంది కొవ్వు కలిపి చేసిన ప్రతి నమూనాలోనూ కనబడ్డాయి. ఇప్పుడు మామూలు మనిషి కొవ్వు ముక్క తీయించుకోనక్కర్లేదు.

రక్తం తీయడంలోనే పరీక్ష పాడవొచ్చు. పీసీబీలు, డీడీఈ చూడాలంటే ల్యాబు అడిగినంత సీరం (రక్తం గడ్డకట్టాక పైన మిగిలే ద్రవం) కావాలి, అంటే దానికి రెండింతలకు పైగానే రక్తం. వేలు పొడిచి నాలుగు చుక్కలు పంపమనే కిట్ జోలికి పోకండి. నమూనా తగ్గినకొద్దీ యంత్రం పట్టుకోగల కనీస మోతాదు పెరుగుతుంది. అప్పుడు రిపోర్టులో వచ్చే ‘కనబడలేదు’ అన్న మాటకి ‘లేదు’ అని అర్థం కాదు. ప్రతి రసాయనం పక్కనా ఆ కనీస మోతాదు రాసి ఉండాలి. ట్యూబులో జెల్ ఉండకూడదు. వేరుచేసిన సీరాన్ని ద్రావకంతో కడిగిన గాజు సీసాలో పోసి, టెఫ్లాన్ పొర ఉన్న మూత బిగించి, ఫ్రీజర్‌లో పెట్టాలి.

ఇక అసలు సంగతి రిపోర్టు. డీడీఈ మిల్లీలీటరుకు 2 నానోగ్రాములు అని రాసి వదిలేస్తే ఆ అంకె ఎందుకూ పనికిరాదు, ఎంత కొవ్వులో 2 అన్నది తేలాలి. అదే ట్యూబులో కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు కూడా చూపించాలి. మొత్తం కొలెస్ట్రాల్‌ని 2.27తో హెచ్చవేసి, ట్రైగ్లిజరైడ్లు కలిపి, ఇంకో 62.3 కలిపితే డెసిలీటరులో ఎన్ని మిల్లీగ్రాముల కొవ్వుందో వస్తుంది. కొలెస్ట్రాల్ 200, ట్రైగ్లిజరైడ్లు 150 అనుకుంటే 666. అంటే మిల్లీలీటరుకు 6.66 మిల్లీగ్రాములు. 2ని దీనితో భాగిస్తే గ్రాము కొవ్వుకి సుమారు 300 నానోగ్రాములు.

అదే మనిషి బాగా భోంచేసి వచ్చి రక్తం ఇచ్చాడనుకోండి. ట్రైగ్లిజరైడ్లు 300కి ఎక్కితే మొత్తం కొవ్వు 816 అవుతుంది, డీడీఈ అంకె 2 నుంచి 2.4 దాటుతుంది. ఒంట్లో ఉన్నది మాత్రం మారలేదు, గ్రాముకి అదే 300. మొదటి నమూనా తిన్నాక, రెండోది పరగడుపున తీసి, మధ్యలో ఏ పొడి ఇచ్చినా ‘తగ్గింది చూశారా’ అని చూపించొచ్చు. అందుకే రెండుసార్లూ 12 గంటలు పరగడుపున ఇవ్వండి, కొవ్వు లెక్క లేని రిపోర్టుని వెనక్కి పంపండి.

బరువు తగ్గేవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. 20 కిలోల కొవ్వులో గ్రాముకి 300 చొప్పున అంటే మొత్తం 6 మిల్లీగ్రాములు. 5 కిలోల కొవ్వు కరిగినా రసాయనం చాలావరకు లోపలే ఉంటుంది, కాబట్టి గ్రాముకి 400 దాకా ఎక్కుతుంది. కొత్తగా ఒక్క చుక్కా లోపలికి పోలేదు. ఇది తెలియక హడలిపోయేవాళ్లని చూస్తే బాధేస్తుంది, పక్కనే ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది.

‘95వ పర్సెంటైల్’ అన్న ఎర్రగీత కూడా అంతే. సర్వేలో నూటికి 95 మంది కన్నా ఎక్కువ ఉందని మాత్రమే దానర్థం, జబ్బు అని కాదు. వయసు పెరిగేకొద్దీ ఈ నిల్వలు సహజంగానే ఎక్కువ, కాబట్టి పోలిక మీ వయసువాళ్లతోనే ఉండాలి.

ప్యాకేజీలో ఏమేం కలిపారో కూడా చూడండి. స్టైరీన్, జైలీన్ కొవ్వులో చేరినా కొద్దిరోజుల్లో పోతాయి. నిన్న పెయింట్ వాసన పీల్చినా, పొగతాగినా ఇవాళ కనబడతాయి, పైగా ట్యూబు రబ్బరు మూత నుంచే నమూనాలోకి దిగొచ్చు. ఖాళీ ట్యూబుని కూడా పరీక్షించని ల్యాబు ఇచ్చే ఈ అంకెలు నమ్మదగ్గవి కావు. పీఎఫ్ఏఎస్‌లని (నాన్‌స్టిక్ పూతల్లాంటి వాటిలో వాడే రసాయనాలని) ‘కొవ్వులో నిల్వ’ శీర్షిక కింద రాశారంటే రాసినవాళ్లకి విషయం తెలియదనే లెక్క. అవి పట్టుకునేది రక్తంలోని ప్రొటీన్లని, వాటికి కొవ్వుతో భాగించే లెక్క వర్తించదు.

డీటాక్స్ కోర్సులో ఆవిరి స్నానం, మూలికల పొడి, రసాలు ఇస్తారు. చెమట దాదాపు అంతా నీళ్లే. నీళ్లలో కరగని పదార్థం దాంతో ఎంత పోతుంది? ఇవి బయటికి పోయే దారులు ముఖ్యంగా మలం, తల్లిపాలలోని కొవ్వు. జీర్ణం కాని ఒలెస్ట్రా అనే కొవ్వుతో డయాక్సిన్ (చెత్త కాలినప్పుడూ పుట్టే విష రసాయనం) మలంలో ఎక్కువగా పోతుందని తీవ్రంగా విషప్రభావానికి గురైన రోగుల్లో 1999లో చూపించారు. అది డాక్టర్ల చేతిలో జరిగిన వైద్యం, ఇంటికి పంపే డబ్బా కాదు.

డయాక్సిన్లలో అతి విషపూరితమైనది సగానికి తగ్గడానికే సుమారు 7 ఏళ్లు, కొన్ని పీసీబీలకి పదేళ్ల పైన పడుతుంది. మూడు నెలలకోసారి పరీక్ష అని సభ్యత్వం కట్టించుకుంటే ఆ మూడు నెలల్లో కదిలేది పైన చెప్పిన ట్రైగ్లిజరైడ్లే. ట్రాన్స్‌ఫార్మర్ నూనెల పనిలో ఉన్నవాళ్లు, కలుషిత నేల పక్కన చాలాకాలం బతికినవాళ్లు ఒకసారి సరిగ్గా చేయించుకుని, రిపోర్టు దాచుకుని, మళ్లీ రెండు మూడేళ్లకి అదే ల్యాబులో చేయించుకుంటే చాలు.