రెండేళ్లు కట్టాక ఆటోమేటిక్ వాచీ గురించి: సెల్లు అక్కర్లేదన్న మాట నిజమే, కానీ

శుక్రవారం సాయంత్రం 7 గంటలకు తీసి బల్ల మీద పెడితే ఆదివారం మధ్యాహ్నానికి ఆగిపోతుంది. ముందుగా ఇదొక్కటీ చెప్పాలి, ఎందుకంటే కొన్న కొత్తలో కనిపించినవాడికల్లా నేను చెప్పుకుని తిరిగింది వేరు: "సెల్లు అక్కర్లేదురా, చేతికుంటే చాలు, అదే నడుస్తుంది." అబద్ధమేం కాదు. చేతికుంటే చాలు అన్న దాంట్లోనే షరతంతా ఉందని అప్పుడు తట్టలేదు, అంతే.

లోపల ఉన్నది మామూలు జపాన్ మెషిన్, స్ప్రింగ్ పూర్తిగా చుట్టుకుంటే 41 గంటలు నడుస్తుంది. చెయ్యి ఊపినప్పుడల్లా లోపల అర్ధచంద్రాకారపు బరువు ఒకటి గిరగిరా తిరిగి ఆ స్ప్రింగ్‌ని చుడుతూ ఉంటుంది. నాకు వారంలో మూడు రోజులే ఆఫీసు. మిగతా రెండు రోజులూ ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కదిలేవి వేళ్లే, వాటికి ఆ బరువు తిరగదు కదా. దాంతో సోమవారం పొద్దున్నే 20, 30 సార్లు కీ తిప్పు, టైం పెట్టు, తేదీ మార్చు. ఆ తేదీ కూడా రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 3 లోపు ముట్టుకోకూడదు, అప్పుడు తేదీ మార్చే చక్రాలు పట్టుకుని ఉంటాయి, బలవంతం చేస్తే పళ్లు విరుగుతాయి. మా నాన్న తన హెచ్ఎంటీ జనతాకి రోజూ కాఫీకి ముందు కీ ఇస్తుంటే నవ్వేవాణ్ణి. ఇప్పుడు ఆయన నవ్వుతున్నారు.

ఇదంతా చిన్న విషయం. అసలు కథ పోయిన దసరాకి జరిగింది. తెనాలి వెళ్లాలి, సికింద్రాబాద్‌లో రైలు. ఆటోలో వాచీ చూసుకుంటే బండి కదలడానికి నాలుగు నిమిషాలే ఉంది, ఇంకా ప్యారడైజ్ కూడా దాటలేదు. టెన్షన్‌తో ఆటో అతన్ని తొందరపెట్టి, అడక్కుండానే వంద ఎక్కువిచ్చి, బ్యాగు మోసుకుంటూ మెట్లమీద పరిగెత్తి ప్లాట్‌ఫారం మీదికి వచ్చి చూస్తే రైలే పెట్టలేదు. స్టేషన్ గడియారం కంటే నా వాచీ 25 నిమిషాలు ముందుంది! మామూలుగా రోజుకి పది పన్నెండు సెకన్లు ముందుకు పోతుంది, ఈ రకం మెషిన్‌కి అది తప్పు కూడా కాదు. అలాంటిది మూడు రోజుల్లో 25 నిమిషాలంటే ఏదో విరిగిపోయిందనే అనుకున్నాను.

తిరిగొచ్చాక ఇక్కడ కంపెనీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. కౌంటర్‌లో అబ్బాయి వెనక మూత తెరవకుండానే "మెషిన్ మార్చాలి సార్, 6,500 అవుతుంది" అన్నాడు. వాచీ కొన్నదే 15,000కి. ఒళ్లు మండి, తీసుకొచ్చి డ్రాయర్‌లో పడేశాను, మూడు నెలలు అలాగే ఉంది.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు, నాన్న జనతాని రిపేరు చేసే పెద్దాయన దగ్గరికి దీన్నీ పట్టుకెళ్లాను. ఆయన కంటికి అద్దం కూడా తగిలించుకోలేదు. డ్రాయర్‌లోంచి చిన్న దిక్సూచి తీసి పక్కన వాచీని అటూ ఇటూ జరిపితే ముల్లు ఊగింది. "రాత్రిళ్లు దీన్ని దేని పక్కన పెడతావు బాబూ?" అన్నారు. మంచం పక్కన బ్లూటూత్ స్పీకరుంది, సరిగ్గా దాని మీదే పెడతాను. స్పీకర్‌లో అయస్కాంతం ఉంటుంది, వాచీకి మాగ్నెట్ పట్టింది. లోపల టైం నిలకడగా నడిపే వెంట్రుకంత సన్నటి ఇంకో స్ప్రింగ్ ఉంటుంది, దాని చుట్టలు ఒకదానికొకటి అతుక్కుంటే స్ప్రింగ్ పొట్టిదైనట్టే, దాంతో వాచీ పరిగెడుతుందట. ఆయన నీలం రంగు ప్లాస్టిక్ డబ్బా ఒకటి ప్లగ్గులో పెట్టి, బటన్ నొక్కి, వాచీని దాని మీద నుంచి నెమ్మదిగా పైకి లాగారు. పది సెకన్ల పని. ఎంతివ్వమంటారంటే "దీనికేం తీసుకుంటాంలే, నాన్నగారి వాచీకి బెల్టు వేయించు" అన్నారు. వేయించాను. నా వాచీ మళ్లీ రోజుకి పన్నెండు సెకన్లకి వచ్చింది.

మిగతావి పెద్దగా చెప్పుకునేవి కావు. స్టీల్ చైను చేతి వెంట్రుకలు పీకుతోందని తీసేసి తోలు బెల్టు వేశాను, అది ఎండాకాలం చెమటకి వాసనొస్తోంది, కాబట్టి మేలో మళ్లీ చైనే. సెకన్ల ముల్లు టక్ టక్ అనకుండా జారుతున్నట్టు పోవడం మాత్రం ఇప్పటికీ బాగుంటుంది, సెకనుకి ఆరు చిన్న అడుగులు వేస్తుంది, మీటింగ్‌లో బోరు కొడితే దాన్నే చూస్తుంటాను.

కొనమంటారా అంటే, నన్ను చూసి కొనకండి. రోజూ బయట తిరిగే ఉద్యోగమైతే దీని జోలికి కీ కోసం పోయే అవసరమే రాదు, హాయిగా కొనుక్కోవచ్చు. నాలాగా ఇంట్లో కూర్చునే పనైతే సెల్లు వాచీయో, వెలుతురుకి ఛార్జ్ అయ్యేదో సుఖం. పైగా ఐదారేళ్లకోసారి ఆయిలింగ్ సర్వీసు ఉంటుంది. నాకింకా ఆ ఖర్చు రాలేదు, వచ్చినప్పుడు ఇంత మెచ్చుకుంటానో లేదో. ఇప్పటికైతే స్పీకర్‌ని అలమార పైకి ఎక్కించాను, వాచీ పుస్తకాల మీద పడుకుంటోంది.