ఫాల్స్ సీలింగ్ స్టిల్ట్స్: నిలబడడానికి భేష్, ఊరేగింపుకి బరువు

ఫాల్స్ సీలింగ్ పనివాళ్ల కోసం తయారయ్యే అల్యూమినియం స్టిల్ట్స్ ఇవి. ఊరేగింపుల్లో కర్రకాళ్ల మీద ఆడేవాళ్లలో కొందరు, సొంతంగా చేసుకునే ఓపిక లేక, వీటినే కొనేస్తుంటారు. నేనూ ఒక జత తీసుకున్నా. చేత్తో చేసుకున్న కొయ్యకాళ్లు ఎలాగూ ఉన్నాయి కాబట్టి ఒక పండగకి ఇవి, ఇంకో పండగకి అవి కట్టి చూశా. ఐదుకి మూడు మార్కులు వేస్తా. ఆ మూడూ ఒక్క గుణానికే: ఇవి మనిషిని కదలకుండా నిలబడనిస్తాయి.

అదేం గొప్ప అంటారేమో. మామూలు కర్రకాలికి అడుగు మూడు వేళ్ల వెడల్పు ఉంటే ఎక్కువ. దాని మీద ఊరికే నిలబడడం కుదరదు. బ్యాండు ఆగినా మన కాళ్లు ఆగవు, ఉన్నచోటే తొక్కుతూ ఉండాల్సిందే. ఫ్రాన్స్‌లో లాండ్ ప్రాంతపు గొర్రెల కాపరులు 19వ శతాబ్దంలో కర్రకాళ్ల మీదే మందలు కాసేవారు. అంత అలవాటున్న వాళ్లు కూడా ఆగి నిలబడాలంటే మూడో కర్రని వెనక ఆసరాగా పెట్టుకునేవారు. ఈ అల్యూమినియం జతతో ఆ అవస్థ లేదు. కింద బూటంత రబ్బరు అడుగు, పైకి రెండు సమాంతర గొట్టాలు, మధ్యలో స్ప్రింగులు. అడుగేస్తే చీలమండ వంగినట్టే వంగి మళ్లీ నిటారుగా వస్తాయి. పిల్లలతో ఫొటోలకి, గేటు దగ్గర జనాన్ని పలకరించే పనికి ఇంతకంటే హాయి ఉండదు. ఎత్తు 24 అంగుళాల నుంచి 40 దాకా మార్చుకోవచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి 24 దగ్గరే బిగించి ఇస్తున్నా, భయం త్వరగా పోతోంది.

ఇక నడక. జత దాదాపు ఏడు కిలోలు. మొదటి మలుపు దాకా తెలీదు, ఆ తర్వాత తొడలే చెబుతాయి. పాట జోరందుకున్నప్పుడు గిర్రున తిరుగుదామంటే ఆ వెడల్పాటి అడుగు నేలని పట్టుకుని వదలదు. చప్పుడు వేరే. అడుగడుక్కీ టకటక, కిర్రుకిర్రు. అన్నిటికంటే చిరాకు పెట్టేది వేషం. పొడవాటి ప్యాంటు గుడ్డ స్ప్రింగుల్లో, బయటికి పొడుచుకొచ్చిన నట్లలో ఇరుక్కుంటుంది. మనిషి పడడానికి అదొక్కటి చాలు. ఫోమ్ షీటు చుట్టి, పైన సాగే గుడ్డ తొడిగితే కాస్త నయం, బరువు మాత్రం ఇంకొంచెం పెరుగుతుంది.

పట్టీల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. మోకాలికి బయటివైపు, కాస్త కింద వేలితో తడిమితే చిన్న ఎముక బుడిపె తగులుతుంది. పాదాన్ని పైకెత్తే నరం దాని పక్కగానే, చర్మానికి బాగా దగ్గరగా పోతుంది. పట్టీ సరిగ్గా అక్కడ బిగిస్తే ముందు పాదం పైభాగం తిమ్మిరెక్కుతుంది. అలాగే నడిస్తే కాలివేళ్లు పైకి లేవడం మానేస్తాయి, కర్ర కొస నేలని తన్నుకుంటుంది. నా జతతో వచ్చిన పట్టీ సన్నగా ఉండి జారుతూ, అటూ ఇటూ తిరిగి అక్కడికే చేరేది. తీసి పారేసి, అరచేయంత వెడల్పు పట్టీకి లోపల మందపాటి ఫోమ్ కుట్టించి, బుడిపెని తప్పించి కింద కట్టుకుంటున్నా.

నడిచే ఊరేగింపుకి మాత్రం నా ఓటు సొంతంగా చేసుకున్న వాటికే. ముడి లేని, నార నిలువుగా సాగిన చెక్క దొరికితే సగం పని అయినట్టే. ముడి ఉన్న చోటే విరుగుతుంది మరి. కర్ర కాలికి బయటివైపుగా మోకాలి కిందిదాకా వస్తుంది, పాదం పెట్టే ప్లైవుడ్ పలక లోపలివైపు ఉంటుంది. ఆ పలక కర్రకి ఎంత దూరం జరిగితే కాలు అంతగా లోపలికి ఒరుగుతుంది, ఆ లాగుడంతా పిక్క పట్టీ మీద పడుతుంది. అందుకే పాదం కర్రని రాసుకునేంత దగ్గరగా పలక బిగించి, దాని కింద త్రికోణం ముక్క ఆసరా ఇస్తా. పాత బూటుని పలకకే బిగించేస్తే కట్టుకోవడం సుళువు. స్క్రూలని నమ్మొద్దు, అడుగుల కుదుపుకి మెల్లగా ఊడొస్తాయి. ఇటునుంచి అటు దూరే బోల్టు, వాషరు, నైలాన్ రింగు ఉన్న నట్టు వాడండి. అడుగున పాత టైరు ముక్క అతికించి, మేకుల తలలు రబ్బరులోకి దిగిపోయేలా కొట్టాలి, లేకపోతే గచ్చు మీద జర్రున జారుతుంది.

తడి నేల, కాలువల మీది ఇనుప జాలీలు ఈ రెంటికీ పడవు. మెత్తటి గడ్డిలో అల్యూమినియం జతదే గెలుపు, కర్ర దిగబడిపోతుంది. మోకాలి ప్యాడ్లు, పక్కన నడిచే ఒక మనిషి దేనికైనా తప్పవు.

సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేటట్టయితే ఎత్తు మార్చే రంధ్రాల్లోకి టార్చి వేసి చూడండి. గుండ్రంగా ఉండాల్సినవి కోలగా సాగాయంటే బోల్టు ఆడుతోందని అర్థం. తర్వాత పైభాగాన్ని ఒక చేత్తో, అడుగుని ఇంకో చేత్తో పట్టుకుని మెలిపెట్టండి. లొటలొట వినబడితే బేరం కూడా ఆడకండి.