పాలసీ స్కూల్ డీన్ పదవా, ప్రోవోస్ట్ ఆఫీసా: ఏది మేలు?

అమెరికా విశ్వవిద్యాలయాల్లో పబ్లిక్ పాలసీ ఫుల్ ప్రొఫెసర్లుగా స్థిరపడి, పాలనవైపు వెళ్ళాలనుకుంటున్నవాళ్ళు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది. ఒకపక్క పాలసీ స్కూల్‌ను నడిపే డీన్ పదవికి సర్చ్ కమిటీ పిలుపు, ఇంకోపక్క ప్రోవోస్ట్ (విశ్వవిద్యాలయపు విద్యా వ్యవహారాలన్నీ చూసే ఉన్నతాధికారి) కింద వైస్ ప్రోవోస్ట్ పదవి. మొదటి మెట్టుగా దేన్ని ఎంచుకోవాలి?

పేర్లు చూస్తే డీన్ దారే రాచబాటలా కనిపిస్తుంది. రెబెకా బ్లాంక్ 1999 నుంచి 2007 దాకా మిషిగన్ విశ్వవిద్యాలయపు పబ్లిక్ పాలసీ స్కూల్‌కు డీన్, 2013లో విస్కాన్సిన్-మాడిసన్ ఛాన్సలర్, అంటే ఆ విశ్వవిద్యాలయానికి అధిపతి. డేనియల్ డీర్‌మయర్ 2014లో షికాగో విశ్వవిద్యాలయపు పాలసీ స్కూల్ ‘హారిస్’కు డీన్, 2016లో అక్కడే ప్రోవోస్ట్, 2020లో వాండర్‌బిల్ట్ ఛాన్సలర్. ఆరోగ్య విధాన పరిశోధకురాలు కాథరిన్ బైకర్ 2017లో అదే హారిస్ స్కూల్ డీన్ అయ్యి, 2023లో ప్రోవోస్ట్ అయ్యారు. రెండో దారికి మైకేల్ క్రో ఉదాహరణ. సిరక్యూస్‌లో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో డాక్టరేట్, కొలంబియాలో ఎగ్జిక్యూటివ్ వైస్ ప్రోవోస్ట్, అక్కణ్ణుంచి 2002లో అరిజోనా స్టేట్ అధ్యక్ష పదవి. కానీ పైకి చేరినవాళ్ళ జాబితాలోంచి దారిని ఎంచుకోవడం ఎంత తప్పో పాలసీ పరిశోధకులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. డీన్లుగా చేసి అక్కడితో ఆగిపోయినవాళ్ళు ఈ జాబితాలోకి రారు. అందుకే పేర్లు పక్కన పెట్టి పని ఎలా నడుస్తుందో చూడాలి.

నా దృష్టిలో తేల్చే ప్రశ్న ఒక్కటే: ఒక ప్రొఫెసర్ రిటైరైతే ఆ పోస్టు ఎవరి చేతికి వెళ్తుంది? జీతం, హోదా, ఆఫీసు, వీటన్నిటికన్నా ఇదే ముఖ్యం. ఆ పోస్టు డీన్ దగ్గరే ఉండిపోయే విశ్వవిద్యాలయాల్లో డీన్ నిజంగా డీన్. ఖాళీ అయిన ప్రతి పోస్టూ ప్రోవోస్ట్ దగ్గరికి తిరిగి వెళ్ళి, మళ్ళీ అడిగి తెచ్చుకోవాల్సిన చోట, డీన్ చేతిలో మిగిలేది విన్నపాలు రాసే పని.

ఈ తేడా బడ్జెట్ పద్ధతి నుంచి వస్తుంది. ట్యూషన్ రాబడి నేరుగా స్కూల్ ఖాతాలో పడి, భవనాలు, ఐటీ, లైబ్రరీ ఖర్చులకు విశ్వవిద్యాలయపు కేంద్ర కార్యాలయం తన వాటా వసూలు చేసుకునే పద్ధతిలో పోస్టులు ఎక్కువగా డీన్ దగ్గర ఉంటాయి. నిరుటి బడ్జెట్‌కు కొంత కలిపో తీసేసో ఇచ్చే పాత పద్ధతిలో అవి పైకి వెళ్ళిపోతాయి. అయితే కాగితం మీది పద్ధతిని నమ్ముకోకూడదు. రాబడి స్కూల్‌దే అని చెప్పే విశ్వవిద్యాలయాల్లో కూడా నియామకాలకు ప్రోవోస్ట్ సంతకం తప్పనిసరి అన్న నియమం విడిగా ఉండొచ్చు. ఇంటర్వ్యూలో అడగాల్సింది: గత 5 ఏళ్ళలో ఇక్కడ ఎన్ని పోస్టులు ఖాళీ అయ్యాయి, ఎన్ని భర్తీ అయ్యాయి, ఒక్కొక్కదానికి అనుమతి ఏ నెలలో వచ్చింది?

నెల అని ఊరికే అనలేదు. రాజనీతి శాస్త్రంలో ఉద్యోగ ప్రకటనలు వేసవిలోనే మొదలై, చాలా దరఖాస్తుల గడువు సెప్టెంబరు, అక్టోబరుల్లో ముగుస్తుంది. అర్థశాస్త్రంలో దరఖాస్తులు నవంబరులో, మొదటి ఇంటర్వ్యూలు ఆ తర్వాత కొద్ది వారాల్లో, క్యాంపస్ సందర్శనలు జనవరి, ఫిబ్రవరుల్లో. అనుమతి డిసెంబరులో వస్తే ఈ రెండు రంగాల్లోనూ ఆ ఏడు పోయినట్టే. మంచి అభ్యర్థులు అప్పటికే వేరే చోట్ల జాబితాల్లో ఉంటారు. మూడేళ్ళు వరసగా ఇలా జరిగిన స్కూల్లో కోర్ కోర్సులు చెప్పేవాళ్ళు తగ్గిపోతారు, ఆ ఖాళీని తాత్కాలిక అధ్యాపకులతో నింపుతారు, ర్యాంకింగులు చూసే విద్యార్థులు వేరే దారి చూసుకుంటారు.

పాలసీ స్కూళ్ళకు ఇంకో చిక్కుముడి ఉంది, అది మిగతా స్కూళ్ళకు ఇంత తీవ్రంగా ఉండదు: ఉమ్మడి నియామకాలు. ఉదాహరణకు 30 మంది అధ్యాపకుల్లో 16 మంది సగం ఇక్కడ, సగం అర్థశాస్త్రంలోనో సోషియాలజీలోనో ఉన్నారనుకుందాం. స్కూల్ సొంత పోస్టులు 14, ఆ 16 సగాలూ కలిపితే 8, మొత్తం 22. బ్రోషర్‌లో 30 అని ఉంటుంది. ఆ 16 మందిలో ఒకరు రిటైరైతే స్కూల్‌కు తిరిగొచ్చేది అర పోస్టు. అర పోస్టుతో ఎవర్నీ తీసుకోలేరు. మిగతా సగం కోసం ఎదుటి శాఖ దగ్గరికి వెళ్తే, వాళ్ళకు కావాల్సింది సిద్ధాంతకారుడు, మీకు కావాల్సింది విద్యారంగ ఫైనాన్స్ తెలిసినవాళ్ళు. ఏకాభిప్రాయం కుదరకపోతే ఆ అర పోస్టు ఏళ్ళ తరబడి అలాగే ఉండి, చివరికి ఏడాది ముగింపు సర్దుబాట్లలో మాయమవుతుంది. కాబట్టి సంతకానికి ముందే ప్రతి ఉమ్మడి నియామకపు ఒప్పంద పత్రం చూడాలి: టెన్యూర్ (శాశ్వత ఉద్యోగ హామీ) ఏ శాఖలో ఉంది, బోధన భారం ఎలా పంచారు, ఖాళీ అయితే ఎవరి వాటా ఎవరికి. చాలా చోట్ల మూడోదాని ఊసే ఉండదు. లేకపోతే కొత్త డీన్ మొదటి ఏడాదిలోనే రాయించాల్సిన పత్రం అదే.

డబ్బు విషయంలోనూ పైపై అంకెలు మోసం చేస్తాయి. "ఎండోమెంట్ పీఠాలు ఆరు ఉన్నాయి" అంటారు, అంటే శాశ్వత నిధి రాబడితో నడిచే ప్రొఫెసర్ పదవులు. 30 లక్షల డాలర్ల ఎండోమెంట్ మీద 4.5 శాతం చొప్పున ఖర్చుకు ఇస్తే ఏడాదికి వచ్చేది 1,35,000 డాలర్లు. సీనియర్ ప్రొఫెసర్‌కు జీతం, బెనిఫిట్లు కలిపి 3 లక్షలు అనుకుంటే ఇంకా 1,65,000 స్కూల్ జేబులోంచి వెళ్ళాలి. పీఠాలు పెరిగిన కొద్దీ ఖర్చు కూడా పెరుగుతుంది. అందుకే మూడేళ్ళ ముగింపు లెక్కలు అడిగి, షరతులున్న నిధుల్ని షరతుల్లేని నిధుల నుంచి విడదీసి చూడాలి. డీన్‌కు నిజంగా పనికొచ్చేది రెండోదే. మిగులు నిల్వ ఏడాది చివర స్కూల్ దగ్గరే ఉంటుందా, కేంద్ర కార్యాలయం ఊడ్చుకుపోతుందా అన్నదీ అడగాలి.

ఇక వైస్ ప్రోవోస్ట్ పని. అధ్యాపక వ్యవహారాల బాధ్యతైతే అన్ని స్కూళ్ళ టెన్యూర్ ఫైళ్ళూ బల్ల మీదికి వస్తాయి. చరిత్రలో పుస్తకం, అర్థశాస్త్రంలో జర్నల్ వ్యాసం, కంప్యూటర్ సైన్స్‌లో కాన్ఫరెన్స్ పత్రం ఎందుకు కొలమానాలో రెండేళ్ళలో ఒంటపడుతుంది. ఈ చదువు డీన్‌కు దొరకదు, ప్రోవోస్ట్ కావాలనుకునేవాళ్ళకు తప్పనిసరి. జీతాల సమానతపై విశ్లేషణ, పేరెంటల్ లీవ్ నియమాలు, దుష్ప్రవర్తన ఫిర్యాదుల విచారణ క్రమం కూడా ఇక్కడే. విధాన పరిశోధకుల పద్ధతులు ఇక్కడ నేరుగా పనికొస్తాయి, అందుకే ఈ పని చాలామందిని ఆకర్షిస్తుంది.

చిక్కెక్కడంటే, సంతకం వేరొకరిది. నివేదిక మీది, నిర్ణయం ప్రోవోస్ట్‌ది, అమలు డీన్లది. తప్పు జరిగితే నివేదిక మీద ఉండేది మీ పేరే. ప్రోవోస్ట్ మారితే కొత్తవారు తమవాళ్ళను తెచ్చుకుంటారు. డీన్‌కు సాధారణంగా 5 ఏళ్ళ కాలపరిమితి, చివర్లో సమీక్ష ఉంటాయి. వైస్ ప్రోవోస్ట్‌కు అలాంటి రక్షణ అరుదు.

పరిశోధన నిలబెట్టుకోవడంలో మాత్రం ప్రోవోస్ట్ ఆఫీసుదే పైచేయి, ఇది ఒప్పుకోవాలి. దాతల కోసం ప్రయాణాలు లేవు కాబట్టి వారంలో ఒక పూట కాపాడుకోవచ్చు. డీన్‌కు ఆ పూట మొదటి నెలలోనే పోతుంది. ప్రొఫెసర్‌గా 9 నెలలకు ఉండే జీతం ఏ పదవిలోనైనా 12 నెలలదవుతుంది. అంటే వేసవి జీతం గ్రాంటు నుంచి తీసుకునే వీలు పోయినట్టే. జాతీయ సైన్స్ ఫౌండేషన్ గ్రాంట్లు సీనియర్ పరిశోధకులకు మామూలుగా ఏడాదికి 2 నెలల జీతమే అనుమతిస్తాయి, ఇక ఆ మాటే ఉండదు. దానికి బదులుగా ఒక పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ ముగించిన తాత్కాలిక పరిశోధకుడు) జీతానికి సరిపడా పరిశోధన ఖాతా అడగండి. ప్రభుత్వ డేటా ఒప్పందాల్లో ప్రధాన పరిశోధకుడి పేరు మార్చడానికి నెలలు పడుతుంది కాబట్టి పదవి చేపట్టకముందే సహ పరిశోధకుణ్ణి చేర్పించాలి. పీహెచ్‌డీ విద్యార్థులకూ రెండో గైడును ముందే కుదర్చాలి. మధ్యలో వదిలేసిన విద్యార్థికి జరిగే నష్టం ఏ పదవితోనూ పూడదు.

డిపార్ట్‌మెంట్ చైర్, పరిశోధనా కేంద్రం డైరెక్టర్ పదవుల గురించి కూడా అడుగుతుంటారు. చైర్ పని మూడేళ్ళు చేసి ఉంటే మంచిదే, దాన్ని ఎంపికగా లెక్కపెట్టను. పరిశోధనా కేంద్రం డైరెక్టర్ పదవిలో గ్రాంటు నిర్వహణ అలవడుతుంది కానీ టెన్యూర్ నిర్ణయాలు చేతికి రావు.

పోస్టులు స్కూల్ దగ్గరే ఉండే చోట డీన్ పదవే తీసుకోమంటాను. ఖాళీలు పైకి వెళ్ళిపోయే చోట, డీన్ పిలుపు ఎంత గౌరవంగా వచ్చినా, ప్రోవోస్ట్ ఆఫీసే మేలు. కనీసం ఆ పోస్టుల్ని పంచే గదిలో మీరుంటారు. మధ్యస్తంగా ఉన్న చోట బేరం ఆడొచ్చు: మొదటి 3 ఏళ్ళకు ఇన్ని పోస్టులు, ఏటా జులై కల్లా అనుమతి అని ఆఫర్ లెటర్‌లో రాయించుకోవాలి. నోటిమాట ప్రోవోస్ట్‌తోపాటే వెళ్ళిపోతుంది.

అదే లేఖలో ఇంకో మూడు ఉండాలి. టెన్యూర్ ఏ శాఖలో, పదవి దిగాక ఏ హోదాలో తిరిగొస్తారో పేరుతో సహా. 12 నెలల జీతం 9 నెలలకు మారేటప్పుడు లెక్క ఏమిటో, తొమ్మిది పన్నెండోవంతులా, తొమ్మిది పదకొండోవంతులా. పరిశోధనలోకి తిరిగి రావడానికి పాలన జీతంతో ఒక ఏడాది సెలవు, పదవి మధ్యలో తీసేసినా అది వర్తించేలా.