కొలిచి చూసి మందిచ్చే విభాగం: పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సపై ఒక తల్లి సమీక్ష

మా అమ్మాయికి నాలుగేళ్ల వయసులో రక్త క్యాన్సర్ బయటపడింది. వైద్యులు దాన్ని అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా అన్నారు. పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. రెండున్నరేళ్లకు పైగా ఒక బోధనాసుపత్రిలోని పిల్లల రక్తవ్యాధులు, క్యాన్సర్ విభాగంలో చికిత్స సాగింది; అది ముగిసి ఏడాది దాటింది. ఆ విభాగం పనితీరు గురించి, ఇప్పుడు అదే గడప తొక్కుతున్న తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. ఆసుపత్రి పేరు రాయడం లేదు. ఏ ఆసుపత్రికి వెళ్లినా ఏం చూడాలో, ఏం అడగాలో తెలియడమే ముఖ్యమని నా అభిప్రాయం.

అంతకు ముందు సంగతి కొంత చెప్పాలి. పాప కాళ్లు నొప్పులంటూ మెట్లెక్కడానికి మొరాయించేది. మేము మొదట వెళ్లిన క్లినిక్‌లో కీళ్లవాతమని చెప్పి, రక్తపరీక్ష ఏదీ చేయించకుండానే పది రోజులకు స్టెరాయిడ్ మాత్రలు రాశారు. నొప్పులు తగ్గాయి, మేము సంతోషించాం. రెండు వారాల్లో నొప్పులు తిరిగి వచ్చాయి, వాటితోపాటు జ్వరం, ఒంటి మీద నీలి మచ్చలు వచ్చాయి. ల్యుకేమియా కణాలను చంపే మందుల్లో స్టెరాయిడ్ కూడా ఒకటని, రోగనిర్ధారణకు ముందే అది పడితే జబ్బు కొన్నాళ్లు మరుగున పడి, దాని తీవ్రతను అంచనా వేయడం కూడా కష్టమవుతుందని తర్వాత తెలిసింది. ఈ విభాగంలో పెద్ద డాక్టరు గారు పాప పొట్ట తడిమి చూస్తూ అడిగిన మొదటి ప్రశ్న, "ఇంతకు ముందు స్టెరాయిడ్ ఏమైనా వాడారా అమ్మా?" అన్నదే. సరైన చోటికే వచ్చామని నాకు అనిపించిన మొదటి క్షణం అది.

రోగనిర్ధారణలో వీరి పద్ధతి నాకు బాగా నచ్చింది. పాపకు మత్తు ఇచ్చి నడుము ఎముక నుంచి మూలుగ తీశారు. దాన్ని గాజుపలక మీద పూసి మైక్రోస్కోపు కింద చూడటంతో ఆగలేదు. కణాల పైనున్న గుర్తులను లేజరు కాంతితో చదివే ఫ్లో సైటోమెట్రీ పరీక్షకు, క్రోమోజోముల పరీక్షకు కూడా అదే రోజు పంపారు. పైకి ఒకేలా కనిపించే ఈ జబ్బులో, క్రోమోజోముల్లో వచ్చిన మార్పును బట్టి కొన్ని రకాలు మందులకు తేలికగా లొంగుతాయి, కొన్ని మొండికేస్తాయి. వాటిలో ఫిలడెల్ఫియా క్రోమోజోము అనే మార్పు కనిపిస్తే ఇమాటినిబ్ వంటి ప్రత్యేకమైన మందు చేర్చవలసి ఉంటుంది. ఇవన్నీ తెలియకుండా మొదలుపెట్టే కీమో గుడ్డిగా రాయి విసరడమే.

ఇక ఈ సమీక్షకు ప్రాణమైన విషయానికి వస్తాను. మొదటి విడత చికిత్సను ఇండక్షన్ అంటారు. అది మొదలైన ఇరవై తొమ్మిదో రోజున, విడత ముగిసేసరికి, మళ్లీ మూలుగ తీశారు. మైక్రోస్కోపు కింద క్యాన్సర్ కణాలేవీ కనిపించలేదు. పాత రోజుల్లో అయితే ఇక్కడే ఊపిరి పీల్చుకునేవారు. కానీ ఫ్లో సైటోమెట్రీ పదివేల కణాల్లో దాగిన ఒక్క దానిని కూడా పట్టగలదు. మా పాప ఫలితం 0.04 శాతం, అంటే పదివేలకు నాలుగు కణాలు. డాక్టరు గారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కాగితం మీద ఒక గీత గీశారు. "ఈ గీత 0.01 శాతం. దీనికి కింద ఉంటే అనుకున్న దారిలోనే వెళ్లేవాళ్లం. మనం కాస్త పైన ఉన్నాం కాబట్టి మందుల బలం పెంచుతాం" అన్నారు. ఆ మాట అప్పుడు పిడుగులా తాకింది. ఆయన అక్కడితో ఆపకుండా, బ్రిటన్‌లో 2003 నుంచి 2011 వరకు పిల్లలను చేర్చుకుని సాగిన యూకేఏఎల్ఎల్ 2003 అనే అధ్యయనం గురించి చెప్పారు. ఇలా కణాలు మిగిలిన పిల్లలకు చికిత్స బలం పెంచితే జబ్బు తిరగబెట్టడం తగ్గింది. మిగలని పిల్లలకు ఒక విడత తగ్గించినా నష్టం రాలేదు. మా పాపకు మందు ఎందుకు పెరిగిందో, పక్క మంచంలోని బాబుకు ఎందుకు పెరగలేదో ఆ పావుగంటలో అర్థమైంది. తరువాతి విడత ముగిసేసరికి ఆ కణాలు యంత్రానికి కూడా చిక్కనంతగా పోయాయి.

మిగిలిన కణాలను కొలవకుండా, అందరు పిల్లలకూ ఒకే మూసలో మందిచ్చే చోట మీ బిడ్డకు చికిత్స చేయించవద్దని నేను గట్టిగా చెబుతాను. కొలిచే వసతి తమ దగ్గర లేకపోతే, నమూనాను ఎక్కడికి పంపుతారో, ఎన్నాళ్లలో ఫలితం వస్తుందో అడగండి.

ఈ విభాగంలో చికిత్సా, పరిశోధనా వేర్వేరు గదుల్లో ఉండవు. ప్రతి బిడ్డ ఫలితమూ నమోదవుతుంది, తరువాతి బిడ్డకు పనికొస్తుంది. ఈ జబ్బు చికిత్స పుట్టిందే ఇలా. 1948లో అమెరికాలోని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు మొదటిసారిగా కొందరు పిల్లల్లో ల్యుకేమియాను తాత్కాలికంగానైనా వెనక్కి నెట్టగలిగారు. ఆయన వాడిన అమినోప్టెరిన్ అనే మందు లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనాగారంలో మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో తయారైనది. దాని తోబుట్టువు వంటి మెథోట్రెక్సేట్ మాత్రలను మా పాప దాదాపు రెండేళ్లు వారానికొకసారి మింగింది. ఆ డబ్బా మూత తీసిన ప్రతిసారీ సుబ్బారావు గారిని తలుచుకున్నాను.

భద్రత విషయంలో ఒక దృశ్యం చెబుతాను. బిళ్లగన్నేరు మొక్క నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్ అనే మందును నరంలోకి మాత్రమే ఎక్కించాలి. పొరపాటున వెన్నులోకి ఎక్కితే ప్రాణం పోతుంది. అందుకే ఇక్కడ దాన్ని సిరంజిలో తేరు; చిన్న సెలైన్ సంచిలో కలిపి తెస్తారు. సంచిని వెన్నుసూదికి తగిలించే పొరపాటు జరగదు కదా. ఇద్దరు నర్సులు ఎదురెదురుగా నిలబడి, ఒకరు సంచి మీది పేరు, మోతాదు పైకి చదువుతుంటే మరొకరు పాప చేతి పట్టీతో సరిచూసేవారు. రెండున్నరేళ్లలో ఒక్కసారి కూడా ఆ చదువు మానలేదు.

మెర్కాప్టోప్యూరిన్ అనే కీమో మందు మొదలుపెట్టే ముందు జన్యుపరీక్ష కూడా చేశారు. ఎన్‌యూడీటీ15 అనే జన్యువులో మార్పు ఉన్న పిల్లలకు ఆ మందు మామూలు మోతాదులోనే విషమై తెల్లకణాలను పాతాళానికి దించుతుందని 2015లో తేలింది. ఆసియా మూలాలున్న వారిలో ఈ మార్పు ఎక్కువ. మా పాపకు ఆ జన్యువు రెండు ప్రతుల్లో ఒకదానిలో మార్పు ఉండటంతో తక్కువ మోతాదుతో ప్రారంభించారు. జ్వరం విషయంలోనూ అంతే కచ్చితంగా ఉంటారు. వంద పాయింట్ నాలుగు డిగ్రీలు దాటితే పారాసిటమాల్ వేయకుండా ముందు ఫోన్ చేయమన్నారు. ఒక అర్ధరాత్రి మేము వెళ్లిన నలభై నిమిషాల్లో యాంటీబయాటిక్ పాప నరంలోకి ఎక్కుతోంది.

లోపాలు దాచను. ఇరవై తొమ్మిదో రోజు ఫలితం మూడు రోజుల్లో వస్తుందన్నారు, ఏడో రోజున వచ్చింది. యంత్రం మరమ్మతులో ఉందట. ఆలస్యాన్ని అర్థం చేసుకోగలను, కానీ ఆ నాలుగు రోజులూ ఒక్కరూ ఫోన్ చేసి చెప్పలేదు. పరిశోధనలో చేరేందుకు ఇచ్చిన అంగీకార పత్రం కూడా చదువుకున్న నాకే కొరుకుడు పడలేదు. పరిశోధన నర్సు ఓపిగ్గా కూర్చుని చదివి వినిపించకపోతే, ఎప్పుడైనా వైదొలగవచ్చన్న ముఖ్యమైన మాట నా కంట పడేది కాదు.

అంతకంటే పెద్ద లోపం, పుట్టుకతో వచ్చే రక్తహీనత జబ్బు అయిన తలసీమియా ఉన్న పిల్లల పట్ల ఉంది. వారికి మూడు నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి, అలా చేరిన ఇనుమును బయటికి పంపే మందులు రోజూ వాడాలి. కీమో పిల్లలకు ఉదయమే కుర్చీలు దొరికేవి, వీళ్లు రక్తం సంచి కోసం మధ్యాహ్నం దాకా గోడవారన కూర్చునేవారు. "మా వాడిది క్యాన్సర్ కాదు కదమ్మా, అందుకే తొందర లేదనుకుంటారు" అని ఒక తల్లి నాతో అన్న మాట ఇంకా గుచ్చుకుంటోంది. 2023 నవంబరులో బ్రిటన్ తలసీమియాకు, సికిల్ సెల్ జబ్బుకు జన్యు సవరణ చికిత్సను, పన్నెండేళ్లు దాటినవారి కోసం, ఆమోదించింది. అంత దూరం వెళ్లిన శాస్త్రం ఒక కుర్చీ, ఒక సమయపట్టిక ఇవ్వలేకపోవడం సరికాదు. ఈ మాట విభాగాధిపతికి రాతపూర్వకంగా ఇచ్చాను.

కొత్తగా వచ్చే పిల్లలకు మా పాపకు అందనిది ఒకటి అందుతోంది. బ్లినాటుమోమాబ్ అనే మందు క్యాన్సర్ కణాన్ని, బిడ్డ సొంత రక్షణ కణాన్ని ఒకదానికొకటి ఆనించి పెడుతుంది; అప్పుడు రక్షణ కణం క్యాన్సర్ కణాన్ని చంపుతుంది. మామూలు ప్రమాదస్థాయి పిల్లల్లో, కీమోకు దీన్ని చేర్చితే మూడేళ్ల తరువాత జబ్బు లేకుండా ఉన్నవారు 87.9 నుంచి 96 శాతానికి పెరిగారని 2024 డిసెంబరులో ప్రకటించారు. ఆ తరువాత కొద్ది నెలలకే ఈ విభాగంలో కొత్త తల్లిదండ్రులతో దాని గురించి మాట్లాడటం నేను స్వయంగా విన్నాను.

చికిత్స ముగిసిన రోజున మాకు ఒక కాగితం ఇచ్చారు. ఏ మందు మొత్తం ఎంత పడిందో, గుండెను దెబ్బతీయగల డాక్సోరుబిసిన్ అనే కీమో మందు వల్ల గుండెకు ఎన్నేళ్లకొకసారి ఎకో (స్కానింగ్) తీయించాలో అందులో ఉంది. పాప పెద్దయ్యాక ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా చూపించవలసినది అదేనన్నారు. ఒక ప్రతిని బీరువాలో, ఒక ప్రతిని పాప పుట్టిన తేదీ పత్రంతోపాటు పెట్టాను. మీకు అలాంటి కాగితం ఇవ్వకపోతే అడిగి తీసుకోండి.