కాలేజీ మారేవాళ్లకు ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) స్కోర్లు పంపే సర్వీసు: 5కి 4 ఇస్తాను

మా పెద్దమ్మాయి మొదటి ఏడాది వేరే రాష్ట్రంలో ఒక ప్రైవేటు కాలేజీలో చదివి, తర్వాత టెక్సాస్‌లో ప్రభుత్వ యూనివర్సిటీకి మారింది. ఏపీ అంటే హైస్కూల్లో ఉండగానే రాసే కాలేజీ స్థాయి పరీక్షలు, స్కోరు 1 నుంచి 5 దాకా ఉంటుంది. వాటికి వచ్చిన క్రెడిట్లు, అంటే డిగ్రీకి లెక్కలోకొచ్చే పాయింట్లు, ఏమవుతాయన్నదే మా టెన్షన్. పాత కాలేజీ ట్రాన్స్‌స్క్రిప్టులో కాల్క్యులస్ క్రెడిట్ పడి ఉంది కదా, అదే చాలని అక్కడి అడ్వైజర్ తేలిగ్గా చెప్పేశాడు. చాలదు. ఏపీ స్కోరు ఆ పరీక్షలు పెట్టే సంస్థ కాలేజీ బోర్డు నుంచి నేరుగా రావాలని దాదాపు ప్రతి కాలేజీ అడుగుతుంది, వచ్చాక తన రూల్స్ ప్రకారం మళ్లీ మొదటినుంచి లెక్క కడుతుంది, పాత కాలేజీ ఎంతిచ్చిందో దానికి అనవసరం.

పంపడం మాత్రం చాలా సులువు. కాలేజీ బోర్డు అకౌంట్లోకి వెళ్లి, కాలేజీ పేరు వెతికి, 15 డాలర్లు కట్టడమే. అన్నేళ్లలో రాసిన పరీక్షలన్నీ ఒకే రిపోర్టులో వెళ్తాయి కాబట్టి సబ్జెక్టుకింత అని కట్టక్కర్లేదు. పరీక్ష రాసిన ఏడాది జూన్ 20 లోపు ఒక కాలేజీకి ఉచితంగా పంపుకోవచ్చు కానీ, అది అప్పుడే మొదటి కాలేజీకి ఖర్చయిపోయి ఉంటుంది. పరీక్షకు వంద డాలర్ల దాకా తీసుకుని మళ్లీ పంపడానికి 15 అంటే ఒళ్లు మండుతుంది, ఒక స్టార్ తగ్గించింది అందుకే. అయినా ఒక కోర్సు ఫీజు ముందు అదెంత!

మాకు కలిసొచ్చింది హిస్టరీ. అందులో తనకు 3 వచ్చింది, పాత కాలేజీ 4కి తక్కువైతే ముట్టుకోనంది. టెక్సాస్‌లో 2015లో తెచ్చిన చట్టం ప్రకారం ప్రభుత్వ కాలేజీలు మామూలుగా 3కే క్రెడిట్ ఇవ్వాలి, పైగా ఇక్కడ డిగ్రీకి అమెరికా చరిత్ర ఎలాగూ తప్పనిసరి. అదే ఇక్కడినుంచి బ్రౌన్, డార్ట్‌మత్ లాంటి ప్రైవేటు యూనివర్సిటీకి వెళ్తే 5 వచ్చినా డిగ్రీకి క్రెడిట్ ఇవ్వరు, మహా అయితే పై కోర్సులో కూర్చోనిస్తారు. అందుకే అడ్మిషన్ ఒప్పుకునే ముందే ఆ కాలేజీ ఏపీ పాలసీ పేజీ చదవండి.

ఇంకోటి, స్కోరు చేరడం వేరు, రికార్డులో ఎక్కడం వేరు. రిజిస్ట్రేషన్ రోజుకి మా అమ్మాయి డిగ్రీ ఆడిట్‌లో (డిగ్రీకి ఏవి పూర్తయ్యాయో, ఏవి మిగిలాయో చూపే లిస్టు) కాల్క్యులస్ ఖాళీగానే ఉంది, తర్వాతి లెవెల్ క్లాసు తీసుకోనివ్వలేదు. తను స్కోర్ రిపోర్టు పీడీఎఫ్ ఫోన్‌లో తెరిచి కొత్త అడ్వైజర్‌కి చూపిస్తే ఆవిడ అక్కడికక్కడే అడ్డు తీసేసింది. ఆ పీడీఎఫ్ దగ్గర పెట్టుకోండి.

డ్యూయల్ క్రెడిట్ కోర్సులు (హైస్కూల్లో ఉండగానే కాలేజీ ద్వారా చేసేవి) చేసిన పిల్లలకు వాటి కోసం ఈ సర్వీసుతో పనిలేదు. అవి కాలేజీ కోర్సులే కాబట్టి, చేసిన కమ్యూనిటీ కాలేజీ నుంచే ట్రాన్స్‌స్క్రిప్ట్ తెప్పించాలి.