మగాడి గిరి: ఒక చార్టు, రెండు స్కెచ్ పెన్నులతో బాయ్స్ హాస్టల్లో పనికొచ్చే సెషన్

మగపిల్లలతో మగాడి గురించి మాట్లాడించడానికి చాలాచోట్ల వాడేది 'మ్యాన్ బాక్స్' ఎక్సర్‌సైజు. కాలిఫోర్నియాలో మగవాళ్ల హింసను ఆపేందుకు పనిచేసిన ఓక్లండ్ మెన్స్ ప్రాజెక్ట్ వాళ్లు తయారుచేసింది. 2010లో అమెరికన్ కార్యకర్త టోనీ పోర్టర్ టెడ్ ప్రసంగాల వేదిక మీద మాట్లాడాక ఆ పేరు బాగా పాకింది. కొనాల్సిన కిట్టేమీ లేదు. చార్టు షీటు, రెండు రంగుల స్కెచ్ పెన్నులు, కొన్ని చీటీలు, గంటన్నర టైము చాలు. ఇంత చవకలో కుర్రాళ్లను నోరు విప్పించే పద్ధతి ఇంకోటి దొరకదు. కాకపోతే ఇంగ్లిష్ మాన్యువల్లో ఉన్నది ఉన్నట్టు దించితే మన హాస్టళ్లలో ఇరవై నిమిషాలకే చతికిలపడుతుంది.

పద్ధతి ఇదీ. చార్టు మధ్యలో ఒక గడి గీస్తారు. మగాడంటే ఎలా ఉండాలని చిన్నప్పటి నుంచీ విన్నారో ఆ మాటలన్నీ గడి లోపల రాస్తారు. అలా ఉండనివాణ్ని ఏమంటారో, ఏం చేస్తారో బయట రాస్తారు. అప్పుడు అసలు ప్రశ్న వేస్తారు: ఈ గడి దాటకుండా ఉండటానికి మీరు ఏమేం వదులుకుంటున్నారు?

మొదటి చిక్కు భాషతోనే. "మగతనం అంటే ఏమిటి?" అని అడిగారా, అయిపోయింది. ఆ మాట వినగానే ఎవరికైనా గుర్తొచ్చేది బస్టాండు గోడల మీద సెక్స్ క్లినిక్కుల ప్రకటనలు. ఇక నవ్వులు ఆగవు. 'డబ్బా' అన్నా అంతే, సొంత డబ్బా కొట్టుకోవడం మీద జోకులు మొదలవుతాయి. 'గిరి' అనండి. గిరి గీసుకుని కూర్చోవడం అందరికీ తెలిసిన మాటే. ప్రశ్న కూడా ఇలా మార్చండి: "'మగాడివైతే' అని మొదలయ్యే మాటలు ఎన్ని విన్నారు?" మగాడివైతే రా, మగాడివైతే తాగు, మగాడివైతే ఏడవకు అంటూ పది నిమిషాల్లో లోపలంతా నిండిపోతుంది.

బయటివి ఇంకా వేగంగా వస్తాయి. ఆడంగి, గాజులు తొడుక్కో, చీర కట్టుకో, అమ్మ కూచి. ఇక్కడ చాలామంది చేసే తప్పు గిరిని షీటంతా గీసేయడం. బయట నాలుగు వైపులా జానెడు జాగా వదలకపోతే ఈ మాటలకు చోటుండదు, సెషన్‌కు ప్రాణం వీటిలోనే ఉంది. ఎలా అన్నారో అలాగే రాయండి. "స్త్రీలను కించపరిచే పదజాలం" అని పుస్తక భాషలోకి మార్చారంటే అక్కడితో నోళ్లు మూతపడతాయి. మరీ బూతైతే మొదటి అక్షరం, చుక్కలు. నవ్వుతున్నారని కసురుకోకండి. మొదటి పది నిమిషాలు మాటలు నవ్వుల మీదే ఎక్కి వస్తాయి.

అమెరికా చార్టులో ముందుకొచ్చేవి గట్టిగా ఉండటం, ఏడవకపోవడం, అంతా తన చేతిలో ఉంచుకోవడం లాంటివి. మన దగ్గర వాటన్నిటి కంటే బరువైనది 'ఉద్యోగం పురుష లక్షణం'. ఫైనలియర్ వాళ్లతో కూర్చుంటే ప్యాకేజీ, నాన్న అప్పు, అక్క పెళ్లి, ఇంటి పరువు గిరిలో చేరిపోతాయి. ఇవి ఒక్కడి సొంత నమ్మకాలు కావు, ఇంటిల్లిపాదీ కలిసి మోపినవి. అసలు మాన్యువల్ బలహీనత ఇక్కడే: "నచ్చకపోతే బయటికి రా" అన్నంత తేలిగ్గా చెబుతుంది. బ్యాక్‌లాగులున్న కుర్రాడు ఇంటికి ఫోన్ చేసి నిజం చెప్పడం అంత తేలికా? 2022 జాతీయ నేర గణాంకాల ప్రకారం దేశంలో ఆత్మహత్య చేసుకున్న ప్రతి పదిమందిలో ఏడుగురు మగవాళ్లు. అందుకే ఈ భాగానికి అరగంట కేటాయించండి, మిగతాది కోసేసినా ఫర్వాలేదు.

ఆ అరగంటకు చీటీలు కావాలి. ఒకే సైజు కాగితాలు, అందరికీ ఒకే రంగు పెన్ను. క్లాస్‌మేట్ చేతిరాత ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది కాబట్టి రాయించొద్దు, ప్రశ్నలు ముందే అచ్చువేసి టిక్కు పెట్టించండి: ఈ ఏడాది ఎవరి ముందైనా ఏడ్చారా, ఇష్టం లేకుండా గొడవకు దిగారా, భయమేసినా చెప్పకుండా దాచారా. చీటీలు కలిపి మళ్లీ పంచి, తన చేతికొచ్చింది వేరేవాడిదన్నట్టు చదివించాలి. గది నిశ్శబ్దమయ్యేది ఇక్కడే. గది దాటి ఏదీ వెళ్లదని మాత్రం గుడ్డిగా మాటివ్వకండి. ప్రాణాపాయం అనిపిస్తే వేరేవాళ్లకు చెప్పక తప్పదని మొదట్లోనే చెప్పి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 బోర్డు మీద రాసి పెట్టండి.

ఏ బ్యాచ్‌లోనైనా తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: "మరి 498ఎ సంగతేంటి సార్?" వాదనకు దిగితే మిగతా సెషన్ కోర్టు హాలైపోతుంది. దబాయిస్తే అడిగినవాడు హీరో అవుతాడు. చార్టు మూలన రాసి, చివరి పది నిమిషాల్లో దాని దగ్గరికి కచ్చితంగా రండి. భార్యను వేధించే భర్త, అత్తింటివాళ్ల మీద కేసు పెట్టే ఆ సెక్షన్ 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85, 86గా ఉందన్న సంగతైనా తెలుసుకుని వెళ్లండి. రాసి, తిరిగి రాకపోతే రెండో సెషన్‌కు ఎవరూ రారు.

ఇదే కోవలో ఉన్న మిగతావి రెండు ముక్కల్లో. 'ఒప్పుకుంటే ఇటు, లేకపోతే అటు' అని గది రెండు వైపులా నిలబెట్టే ఆట హుషారుగా ఉంటుంది గానీ, అందరూ గ్యాంగ్ లీడర్ ఎటు వెళ్తే అటే. ముందు కాగితం మీద రాయించి తర్వాత నడిపిస్తే కొంత నయం. ఆడామగా సమానత్వం మీద మగవాళ్ల ఆలోచనలను కొలవడానికి బ్రెజిల్‌లో రూపొందిన జెమ్ స్కేల్‌లో 24 వాక్యాలుంటాయి, ఇంట్లో చివరి మాట మగాడిదే అనేలాంటివి. ఒప్పుకుంటాను, కొంతవరకు, ఒప్పుకోను అని మూడు జవాబులు. ముంబైలో కుర్రాళ్లతో నడిపిన యారీ దోస్తీ కార్యక్రమానికి కూడా దాన్ని వాడారు. సెషన్ అయిన రోజే పెడితే మనవాళ్లు మార్కులు పడే జవాబే రాస్తారు, మూడు నెలలు ఆగి పెట్టండి.

పన్నెండు నుంచి ఇరవై మంది వరకు బాగుంటుంది. పాతిక దాటితే వెనక వరుస ఫోన్లలో ఉంటుంది. ఫస్టియర్‌ను సీనియర్లతో కలపొద్దు, అన్నల ముందు తమ్ముళ్లు నోరెత్తరు. నడిపేది హెచ్‌ఓడీ, వార్డెన్ కాకుండా ఉంటే మేలు, హాజరు అసలు తీయొద్దు. మొత్తం మీద మ్యాన్ బాక్స్‌కు అయిదుకు నాలుగు మార్కులు ఇవ్వొచ్చు. ఆ ఒక్కటీ తగ్గించింది తెలుగు చేయడంలో పనంతా మనమే చేసుకోవాలి కనుక.

అయిపోయాక చార్టును అక్కడే చింపేయండి. కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ ఫైలు కోసం ఫొటో కావాలంటే, ఇంకో షీటు మీద ఖాళీ గిరి గీసి తీసుకోమనండి.