సీకో చైను కోసం చెన్నై వెళ్తే బర్మా బజార్‌లో ఏమైందంటే

పాత వాచీ చైనుకి ఒరిజినల్ ముక్కలు వెతుక్కుంటూ చెన్నై వెళ్లేవాళ్లకి ముందే చెప్పేస్తున్నా. బర్మా బజార్‌లో ముక్క చూడండి, బేరమాడండి, వాచీ మాత్రం చేతికివ్వకండి. నా కోపం ఇంకా తగ్గలేదు.

మాది నాన్న కువైట్ నుంచి తెచ్చిన సీకో 5. వెనక మూత మీద 7009 అని మెషీన్ నంబరు ఉంటుంది. సీరియల్ నంబరు 4తో మొదలవుతుంది. సీకోలో ఆ అంకె తయారైన ఏడాది చివరి అంకె. నాన్న కువైట్ వెళ్లింది ఎనభైల్లో కాబట్టి వాచీ 1984ది. చైనులో కేసుకి, అంటే వాచీ ఒంటికి, ఆనుకునే వంపు ముక్క ఒకటి విరిగింది, రెండు లింకులు ఎప్పుడో పోయాయి. కొత్త చైను రాజంపేటలోనే మూడొందలకి వేస్తారు, కానీ కేసుకీ చైనుకీ మధ్య సందు కనబడుతుంది. అది నాకు నచ్చదు.

రైలు సాఫీగా చేరింది. పెరియమేట్ లాడ్జిలో ఫోన్‌లో 1,100 అన్న గది బిల్లులో 1,400 అయింది. మా బావ ఆ మూడొందల గురించే పొద్దున్నుంచీ గొణుగుతున్నాడు. సెంట్రల్ నుంచి హైకోర్టు స్టేషన్‌కి మెట్రోలో పది రూపాయలు. ఆటో ఎక్కకండి.

బజార్‌లో ఒకతను "ఒరిజినల్ సార్, 1,800" అని చైను తీశాడు. బరువుగా ఉంది. ఆ కాలం సీకో చైన్లు చాలావరకు రేకు మడిచి చేసిన లింకులు, చేత్తో ఊపితే గలగలమంటాయి. లాకు మీద పేరు అచ్చుగుద్దినట్టుండాలి, ఇక్కడ లేజర్‌తో గీసినట్టుంది. వంపు ముక్క లోపల కంపెనీ వేసే కోడ్ కూడా లేదు. ఇది వద్దన్నాను. "వేసి చూస్తే తెలుస్తుంది" అంటూ నా చేతిలోంచి వాచీ లాక్కుని స్క్రూడ్రైవర్‌తో పిన్ను పొడిచాడు. జారింది. కేసుకి చైను తగిలించే కొమ్ము మీద గీత! నలభై ఏళ్లు నాన్న చేతికున్నప్పుడు పడని గీత. అడిగితే, పిన్ను తీసినందుకు వంద ఇమ్మన్నాడు. బావ గొంతు పెంచాడు కాబట్టి ఇవ్వకుండా బయటపడ్డాం.

ఇద్దరికీ తల వేడెక్కిపోయింది. ఆ దగ్గర్లోనే బండి మీద అథో తిన్నాం. బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాలు తెచ్చిన నూడుల్స్ అది. వేయించిన ఉల్లిపాయ, చింతపండు పులుపు, చేత్తో కలిపిస్తారు. ప్లేటు 80. బావ రెండు తిని, లాడ్జి సంగతి మర్చిపోయాడు.

ఎన్.ఎస్.సి. బోస్ రోడ్ పక్క సందులో, మెట్ల కింద ఒక పెద్దాయన వాచీలు రిపేరు చేస్తుంటాడు. మా మాట విని "ఏ ఊరు బాబూ?" అని తెలుగులోనే అడిగాడు. ముందు కాలిపర్‌తో కొమ్ముల మధ్య కొలిచాడు, 18 మిల్లీమీటర్లు. విరిగిన ముక్క తిప్పి కోడ్ చదివి, చెడిపోయిన వాచీల చైన్లున్న బిస్కెట్ డబ్బా బోర్లించాడు. గంటసేపు ఒక్కొక్కటీ భూతద్దం కింద పెట్టి చూశాడు. అదే కోడ్ ఉన్న వంపు ముక్కల జత దొరికింది. జత 450, లింకు 50 చొప్పున రెండు, కొత్త పిన్నులకి డబ్బు తీసుకోలేదు. మొత్తం 550.

గీత పోయేలా పాలిష్ పెట్టమన్నాను. "వద్దు బాబూ, కొమ్ము అంచు అరిగిపోతుంది. అప్పుడు ఈ ముక్క కూడా సరిగా కూర్చోదు" అన్నాడు.

మీరు వెళ్తే విరిగిన ముక్క పారేయకుండా పట్టుకెళ్లండి, కోడ్ దాని మీదే ఉంటుంది. ఆయన పదకొండు తర్వాతే తెరుస్తాడు, ఆదివారం ఉండడు.